మూడు పొరల చలికాలం

ఆ చలికాలం మా ఇంట్లో ఎవరికీ ఓపిక లేదు. నాకు నడుం పని చేయడం మానేసింది. అక్కకు కళ్ళు లాగేవి. బావకు ఏం నొప్పో ఆయన చెప్పేవాడు కాదు, మేమూ అడిగేవాళ్ళం కాదు.

నేను బస్సు డిపోలో మెకానిక్కుని. చలి మొదలైందంటే బస్సుల్లో హీటర్లు ఒకదాన్ని చూసి ఒకటి మొరాయిస్తాయి. పొద్దున బస్సు కిందికి దూరితే సాయంత్రం ఎవరో కాళ్ళు పట్టుకుని లాగితే తప్ప బయటికి రాలేని పరిస్థితి. పెళ్ళి అచ్చిరాక, ఉన్న గది ఖాళీ చేసి, అక్కావాళ్ళ మేడమీద గదిలో చేరి అప్పటికి చాలాకాలమే అయింది. అక్క ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషన్ పెట్టుకుని ఊళ్ళోవాళ్ళ కోట్లకు జిప్పులు మార్చేది, లైనింగులు వేసేది, వదులువి బిగించేది, బిగుతువి వదులు చేసేది.

బావ కొండదారుల్లో గైడు. గైడుగా ఉండేవాడు అనాలి. అంతకు ముందు ఏడాది చలికాలం చివర్లో ఒక గుంపును పై కనుమ దాకా తీసుకెళ్ళి మంచుతుఫానులో చిక్కుకున్నాడు. అందరినీ ప్రాణాలతో కిందికి దించాడు. ఆయన వేళ్ళే దక్కలేదు. కుడిచేతికి మూడు వేళ్ళు సగానికీ, ఎడమచేతికి రెండు వేళ్ళ కొసలూ ఆసుపత్రిలో తీసేశారు. అక్కడ ఏం జరిగిందని ఎవరడిగినా "చలి" అనేవాడు. ఒక్కటే మాట. ఇంటికొచ్చాక ఆ మాట కూడా మానేశాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని పొయ్యి పక్క కుర్చీలో కూర్చునేవాడు. అన్నం తినడానికి మాత్రం ఎడమచెయ్యి బయటికొచ్చేది, చెంచా పట్టుకుని. తినడం అయిపోతే మళ్ళీ లోపలికి.

ఒకప్పుడు మా బావతో కూర్చుంటే కడుపు నొప్పి పుట్టేలా నవ్వించేవాడు. నన్ను 'హీటర్ల వైద్యుడు' అనేవాడు. "మీ తమ్ముడు బస్సు కింద పడుకున్నంత హాయిగా మంచమ్మీద పడుకోడే" అని అక్కతో అనేవాడు. ఆ మనిషి పక్కన ఇప్పుడు టీ తాగాలంటే గుటక శబ్దం కూడా పెద్దగా వినిపించేది.

ఒకరోజు భోజనాల దగ్గర అక్క ఉన్నట్టుండి అంది: "ఆదివారం నడకవాళ్ళతో నేనూ కొండకి వెళ్తున్నా."

నాకు పొలమారింది. "నువ్వా? మేడ మెట్లెక్కితేనే గోడ పట్టుకుంటావు."

"అందుకే నత్తమ్మతో వెళ్తున్నా."

నత్తమ్మ బావతో కలిసి పనిచేసిన గైడు. అందరికంటే నెమ్మదిగా నడుస్తుందని ఆ పేరు బావే పెట్టాడు. ఆవిడకూ ఆ పేరు నచ్చింది, సంచి మీద నత్త బొమ్మ కూడా కుట్టించుకుంది మా అక్క దగ్గరే.

"ఈ చలిలో ఎందుకక్కా? ఎండలొచ్చాక వెళ్ళకూడదూ?"

"ఇరవై ఏళ్ళు నా మొగుణ్ణి సగం పంచుకుంది కదరా ఆ కొండ. ఎక్కువగా చలికాలంలోనే పిలిపించుకునేది. సవతి మొహం నేనూ ఒక్కసారి చూడొద్దూ?"

పాత బావైతే పళ్ళెం పక్కకు జరిపి మరీ నవ్వేవాడు. ఈ బావ లేచి వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

అక్క గిన్నెలు కడుగుతుంటే నేను తుడుస్తూ నిలబడ్డాను. అక్క నీళ్ళలోకే చూస్తూ అంది: "ఊపిరాడట్లేదురా. పొద్దుణ్ణుంచీ నేనే మాట్లాడతాను, గోడకి కొట్టిన బంతిలా నా మాట నాకే తిరిగొస్తుంది. ఒక్క పూట, ఒకే ఒక్క పూట ఈ గదులు కనపడకుండా ఉండాలి. కొండ కాకపోతే నూతి గట్టు. ఏదైనా ఒకటే."

ఆ తర్వాత నేను వద్దనలేదు.

రెండు మూడు రోజులకు డిపో నుంచి వచ్చేసరికి అక్క కిటికీ దగ్గర నిలబడి చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. ముదురెరుపు తోలు గ్లౌజులు, మణికట్టు దగ్గర చిన్న బొత్తాం. చేతికి అచ్చు పోసినట్టున్నాయి. వాటి లోపల ఇంకో జత, తెల్లటి నూలువి. రెండు జతలు వేసుకుంటే రెట్టింపు వెచ్చదనం కదా అని ఆమె లెక్క.

"బాగున్నాయిరా?"

"విప్పు."

ఆ మాటన్నది నేను కాదు. ఇద్దరం వెనక్కి తిరిగాం. బావ కుర్చీలో ముందుకు వంగి ఉన్నాడు.

"ఎందుకండీ?"

"ముందు పిడికిలి పట్టు."

అక్క పట్టబోయింది. వేళ్ళు సగం వంగి ఆగిపోయాయి.

"బిగుతుగా ఉంటేనే గాలి దూరదని చెప్పారు," అంది.

"ఎవరు?"

"షాపులో."

"ఏ షాపు?"

"బట్టల షాపు."

"బట్టల షాపువాడు సినిమాకి వెళ్ళేవాళ్ళకి అమ్ముతాడు. బిగిస్తే రక్తం ఆడదు. రక్తం ఆడకపోతే..." అక్కడ ఆగాడు. గొంతు వాడక వాడక బొంగురుపోయింది. "లోపలివి నూలువా? నూలు చెమట తాగి కూర్చుంటుంది. చెయ్యి వేడిగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. ఆగావంటే మంచుముక్క."

"నాకేం తెలుసు?" అక్క గొంతు పెరిగింది. "తెలిసినాయన ఇంట్లోనే ఉన్నారు, అడుగుదామంటే నోరు విప్పరు. ఇన్నేళ్ళలో మీరు చేతులకి ఏం వేసుకునేవారో కూడా నేను చూళ్ళేదు. సంచి భుజానేసుకుని 'వస్తానోయ్' అనడం, తలుపేసుకుని పోవడం. అంతే కదా నాకు తెలిసిన కొండ!"

ఇంట్లో అంత పెద్ద గొంతు విని ఎంత కాలమైందో. నేను మెట్ల దగ్గరే నిలబడిపోయాను. మొగుడూ పెళ్ళాల మధ్య దూరకూడదని పెద్దలు ఊరికే అనలేదు.

బావ నా వైపు తిరిగి అన్నాడు: "బామ్మర్దీ, రేపు సెలవు పెట్టు."

"నేనెందుకు బావా?"

"షాపు తలుపు ఎవరు తోస్తారు మరి?"

కొండకి వెళ్ళే బస్సు చివరి స్టాపులో ఉంది, కొండెక్కేవాళ్ళ సామాను అమ్మే ఆ షాపు. నిజంగానే తలుపు నేనే తోశాను. బావ జేబుల్లో చేతులతోనే లోపలికొచ్చాడు. కౌంటర్లో ఉన్న అమ్మాయి పాతికేళ్ళది, ఆయన్ని గుర్తుపట్టలేదు. అక్క చేతులు చూసి లావుపాటి నల్ల గ్లౌజులు తెచ్చింది.

"ఇవి ఒక్కటే చాలండీ. ఉన్నీ, పై తొడుగూ అన్నీ ఇందులోనే కలిపి కుట్టేశారు."

"కలిపి కుట్టేస్తే ఎక్కేటప్పుడు చెయ్యి వేడెక్కింది, ఏం తీస్తావమ్మా?" అన్నాడు బావ. "లోపల తడిసింది, ఏం మారుస్తావు?"

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, "మా నాన్న కూడా ఇలాగే విసుక్కుంటాడు. విడివిడిగా చూపిస్తానుండండి," అని నిచ్చెన ఎక్కింది.

ముందు పలచటి జత. మెత్తటి సన్న ఉన్నితో అల్లినవి, చర్మాన్ని అంటుకుని ఉన్నాయి గానీ ఎక్కడా నొక్కడం లేదు. దాని మీద ఊలు జత, దళసరిది. ఆ పైన గాలీ మంచూ చొరబడని సంచి తొడుగులు. వాటికి వేళ్ళుండవు. బొటనవేలికి ఒక గది, మిగతా నాలుగింటికీ కలిపి ఒక గది, అంచు కోటు చెయ్యి మీదికి మోచేతి వరకూ వస్తుంది.

"అన్ని వేళ్ళూ ఒకే గదిలోనా?" అంది అక్క.

"ఒకదాన్నొకటి కాచుకుంటాయి. విడివిడిగా ఉంటే దేని చలి దానిదే."

ఒకదాని మీద ఒకటి తొడుక్కుంది. పిడికిలి పట్టమన్నాడు, విప్పమన్నాడు. "వేళ్ళ కొసల దగ్గర చోటుందా?"

"ఏమోనండీ. ఉన్నట్టే ఉంది. లేనట్టూ ఉంది."

"సరిగ్గా చెప్పు."

"తెలియట్లేదంటే!"

బావ కుడిచెయ్యి జేబులో కదిలింది. ఆగింది. తర్వాత బయటికొచ్చింది. ఆ సగం వేళ్ళతో సంచి తొడుగు కొసను పట్టుకుని, లోపల అక్క వేలు ఎక్కడిదాకా వచ్చిందో తడిమి చూశాడు. "సరిపోయింది. ఇంకో జత ఊలువి కూడా ఇవ్వమ్మా. తడిస్తే మార్చుకోవడానికి. కోటు లోపల, రొమ్ముకి ఆనేలా పెట్టుకోవాలి."

ఆ అమ్మాయి ఆ చెయ్యి చూసింది. చూపు తిప్పుకోవాలా వద్దా అని తడబడింది. ఆ తడబాటులో అలవాటైన మాట నోట్లోంచి జారిపోయింది: "మరి మీకు ఏ సైజు చూపించమంటారు?"

అంటూనే నాలుక కరుచుకుంది. బావ తన చెయ్యి ఎత్తి, అటూ ఇటూ తిప్పి, ఎవరిదో చూస్తున్నట్టు చూశాడు.

"నాకా తల్లీ? పిల్లల సైజు ఉంటే చూడు."

నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. అక్కే ముందు నవ్వింది. ఆ సంచి తొడుగులతోనే మొహం కప్పుకుని, భుజాలు కదిలేలా. కాసేపటికి అది నవ్వో ఏడుపో చెప్పడం కష్టమైంది.

ఆ సాయంత్రం బల్ల ముందు కూర్చోబెట్టి బావ ఆమెకు నేర్పడం మొదలుపెట్టాడు. పలచటి జతతోనే బూటు తాళ్ళు కట్టాలి, జిప్పు లాగాలి, నీళ్ళసీసా మూత తిప్పాలి. వట్టి చెయ్యి బయట పెట్టకూడదు. వేలి కొసలు మొద్దుబారినట్టనిపిస్తే సిగ్గుపడకుండా చంకలో పెట్టుకోవాలి, గైడుకి చెప్పాలి. అక్క చెప్పినవన్నీ చేసింది. బూటు ముడి మూడుసార్లు జారిపోయింది. బావ విసుక్కోలేదు.

"పైవి తీశాక కింద పెట్టకు. కోటు లోపలికి తోసెయ్."

"కాసేపేగా. మోకాళ్ళ మధ్య పెట్టుకుంటే?"

"వద్దు."

"ఏం?"

బావ చేతులు రెండూ బల్ల మీద పెట్టాడు. పొయ్యిలో నిప్పు సర్దుకున్న చప్పుడైంది.

"నేను మోకాళ్ళ కిందే పెట్టుకున్నాను," అన్నాడు. "గుంపులో ఒకావిడకి బూటు తాడు ఊడింది. ఆవిడ చేతులు అప్పటికే పనిచేయట్లేదు. నేను వంగి కట్టాను. లేచేలోగా గాలి ఒకదాన్ని తీసుకుపోయింది. కళ్ళముందే లోయలోకి దొర్లుకుంటూ పోయింది. ఆవిడవి తడిసి ఉన్నాయి, రెండోది ఆవిడకిచ్చేశాను. అంతే. అంతకంటే ఏం లేదు."

బావ తన మణికట్టు చూపించాడు.

"మిగతా గైడులు మణికట్టుకి ఒక తాడు కుట్టించుకుంటారు. తీసినా వేలాడుతూ ఉంటాయి. చంటిపిల్లల గ్లౌజులకి ఉంటుంది చూడు, అట్లా. నాకది నామోషీగా ఉండేది." ఆయన బల్ల మీద పరిచిన తన చేతుల్ని చూసుకున్నాడు. "చేతులు కాలాక ఆకులంటారు. నావి కాలను కూడా లేదు."

ఎవరూ నవ్వలేదు. నాకు అక్క మొహం చూడాలంటే భయమేసింది. ఊళ్ళోవాళ్ళందరి కోట్లకూ గుండీలు, కాజాలు, తాళ్ళు కుట్టే మనిషి. ఆయన ఒక్కమాట అని ఉంటే టీ చల్లారేలోగా కుట్టి ఇచ్చేది.

అక్క లేచి వెళ్ళి మిషన్ సొరుగులోంచి నల్ల ఎలాస్టిక్ పట్టీ తెచ్చింది. తన మణికట్టు చుట్టూ తిప్పి కొలుచుకుంది. కత్తిరించింది. సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళు చికిలించి, దీపం దగ్గరికి జరిగింది. మిషన్ మీద వేయలేదు. చేత్తోనే, వేసిన కుట్టు మీదే మళ్ళీ వేస్తూ కుట్టింది.

"ఇంత చాలా?" అని చూపించింది.

"ఇంకాస్త వదులు."

ఊడదీసి మళ్ళీ కుట్టింది. నేను మేడమీదికి వెళ్ళిపోయాను.

ఆదివారం తెల్లవారుతూనే అక్క బయల్దేరింది. సంచి భుజానేసుకుని తలుపు దగ్గర ఆగి, ఏం అనాలో తోచక, "వస్తానండీ" అంది. బావ తలూపాడు.

మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నాడు. తర్వాత గాలి లేచింది. కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే నేను వెళ్ళి గడియలు బిగించాను. టీ చేసిస్తే తాగలేదు. అక్క కుర్చీలో, కుట్టుమిషన్ ముందు కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు.

"ఇప్పటికి చెట్ల వరసలోకి దిగి ఉండాలి."

"దిగే ఉంటుంది బావా. మూడు పొరలు వేసుకుందిగా."

"గ్లౌజులు నడవవురా. మనిషి నడవాలి."

సాయంత్రం బస్సు మలుపు తిరిగిన చప్పుడు ఇద్దరం విన్నాం. బావ లేచాడు. మా వీధి స్టాపులో బస్సు ఆగింది, ఇద్దరు ముగ్గురు దిగారు, వెళ్ళిపోయారు. అక్క లేదు. బావ అలాగే నిలబడి ఖాళీ స్టాపును చూస్తూ ఉన్నాడు. వెలుతురు తగ్గిపోతోంది. నాకూ భయంగానే ఉంది గానీ, ఇద్దరం భయపడితే ఇంట్లో ధైర్యం చెప్పేవాళ్ళుండరని ఊరుకున్నాను.

కూర్చున్నాక ఆయన అడిగాడు: "ఇలాగే ఉండేదా దీనికి?"

"ఎవరికి?"

"మీ అక్కకి. నేను వెళ్ళినప్పుడల్లా."

అబద్ధం చెప్పడానికి ఓపిక కావాలి. నాకు లేదు. "మిషన్ తొక్కుతూ ఉండేది," అన్నాను. "కుట్టడానికి బట్ట లేకపోయినా తొక్కేది. నువ్వొచ్చిన చప్పుడు వినిపించాకే ఆపేది."

బావ కిందికి చూశాడు. మిషన్ తొక్కుడుపలక మీద కాలు పెట్టి, ఒకటి రెండుసార్లు తొక్కాడు. చక్రం తిరిగింది, సూది పైకీ కిందికీ ఆడింది. కాలు తీసేశాడు.

తర్వాతి బస్సులో వచ్చింది అక్క. తలుపు తీస్తే మాట్లాడే శక్తి లేదు, తలుపు పక్క పీట మీద కూలబడింది. కనురెప్పల మీద మంచు, పెదవులు పగిలి ఉన్నాయి. బావ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆమె చెయ్యి ఒకటి ఒళ్ళో పెట్టుకున్నాడు. సంచి తొడుగు రెండు అరచేతుల మధ్య పట్టి లాగాడు. ఊలుది లాగాడు. పలచటిది చర్మానికి అతుక్కుని రాలేదు, ఆయన వేళ్ళకు అది చిక్కలేదు. నేను ముందుకు వెళ్ళబోయాను. ఈలోగా ఆయన తల వంచి, దాని వేలి కొసను పళ్ళతో పట్టుకుని లాగేశాడు. రెండో చేతిదీ అలాగే.

దీపం దగ్గరికి తిప్పి చూశాడు. ఎర్రగా, కొంచెం చెమ్మగా, వేళ్ళన్నీ ఉన్నాయి. ఒక్కో గోరునూ నొక్కి, తెల్లబడిన చోట మళ్ళీ రక్తం వచ్చేదాకా చూశాడు. పదీ అయ్యాక చేతులు వదలకుండా అడిగాడు: "ఎలా ఉంది?"

"ఏముందండీ... పొగమంచు. ముందు నడిచేవాళ్ళ మడమలు తప్ప ఏం కనపళ్ళేదు. కనుమ దాకా వెళ్ళనేలేదు. సగంలోనే నత్తమ్మ వెనక్కి తిప్పేసింది. కొందరు గొణిగారు కూడాను."

"మంచి పని చేసింది."

"చేతులు మాత్రం వెచ్చగానే ఉన్నాయి." అక్క గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. "వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తా."

బావ ఏమంటాడోనని చూశాను. ఆయన కిందపడ్డ తొడుగుల్ని ఒక్కొక్కటే ఏరుతున్నాడు.

"ఊలువి పొయ్యి దగ్గర పెట్టకు," అన్నాడు నాతో. "కుంచించుకుపోతాయి. తాడు మీద వెయ్యి."

ఆ తర్వాత ఆదివారాలన్నీ అక్క కొండకే వెళ్ళింది. మోకాళ్ళు వాచేవి, సోమవారం మిషన్ దగ్గర కునికేది, అయినా మానలేదు. ఎప్పుడో ఒకసారి కనుమ దాకా కూడా వెళ్ళొచ్చింది. అక్కడ ఏం చూసిందో నాకు చెప్పలేదు. బావకి చెప్పిందేమో. ఇంట్లో అన్నీ బాగైపోయాయని అనను. ఆయన కోటు బొత్తాలు పెట్టడానికి ఇంకా ఆమే కావాలి. చెంచా జారితే ఇంకా ఇద్దరూ చెరో దిక్కు చూసేవాళ్ళు. కొన్ని రోజులు ఆయన మళ్ళీ నోరు కట్టేసుకునేవాడు. ఆ రోజుల్లో అక్క కూడా ఆయనతో పాటు ఊరుకునేది.

మంచు కరగడం మొదలైన రోజుల్లో బావ మేడమెట్లెక్కి నా గదికి వచ్చాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటిసారి.

"ఆ కిటికీ ముందు నేను కూర్చోలేనురా. మీ అక్కకున్న గుండె నాకు లేదు. మీ డిపోలో వేళ్ళు అక్కర్లేని పనేదైనా ఉందా?"

ఆలోచిస్తే ఒకటుంది. మైకులో బస్సుల వేళలు చెప్పే ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ గదిలో ఎవరూ లేక, డ్రైవర్లే కిందికి దిగి అరుస్తున్నారు.

"నోరుంటే సరిపోయే పని ఉంది బావా."

"అది ఈమధ్య బాగా విశ్రాంతి తీసుకుంది," అన్నాడు.

మా మేనేజరు ముందు సందేహించాడు. ఒకసారి మాట్లాడమన్నాడు. గాలిలో, మంచులో, వెనకాల ఎంతో దూరంలో ఉన్నవాళ్ళకి వినపడేలా ఇరవై ఏళ్ళు అరిచిన గొంతు అది. మేనేజరు చెవులు మూసుకుని, సోమవారం నుంచి రమ్మన్నాడు.

ఆ సోమవారం నేను మామూలుగానే బస్సు కింద ఉన్నాను. హీటరు గొట్టం ఒకటి పగిలి, చేతులనిండా మడ్డి. స్పీకరు గరగరమంది. ఎవరో దగ్గారు. తర్వాత ఆ గొంతు షెడ్డంతా నిండింది. ఏ బస్సు ఏ గేటు దగ్గరుందో, ఎక్కడెక్కడ ఆగుతుందో, తొందర లేకుండా, తోసుకోవద్దని కూడా చెప్పి ముగించింది. ఆ తర్వాత మైకు ఆపడం తెలియలేదు.

"ఏమయ్యా, ఇది ఆగిందా, ఇంకా మోగుతోందా? ఏది నొక్కాలి?... బామ్మర్దీ, ఒరేయ్, నీకు వినపడిందా?"

డిపో అంతా గొల్లుమంది. నాతో పనిచేసేవాడు వంగి బస్సు కిందికి తొంగిచూసి, "నిన్నేనయ్యా, జవాబు చెప్పు," అన్నాడు.

పగిలిన గొట్టంలోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా మొహం మీద పడుతున్నాయి. చేతుల మడ్డితో తుడుచుకోలేక అలాగే పడుకున్నాను. ఆయన గది అటు చివర, గోడకవతల. ఇక్కణ్ణుంచి ఎంత అరిచినా చేరదు.

"వినపడింది బావా," అన్నాను.